మేస్త్రి మీద ఒట్టు

ఆ హాల్లో డ్యూటీ పడ్డ మొదటి రోజే నాకు అది నచ్చలేదు. మ్యూజియంలో మిగతా హాళ్ళన్నీ నాకు ఇష్టమే. ముత్యాల హాల్లో నిలబడితే స్కూలు పిల్లలు వస్తారు, అద్దాలకు ముక్కులు ఆనిస్తారు, వాళ్ళని కసురుకుంటూ ఉంటే పొద్దు గడిచిపోతుంది. ఈ హాల్లో వెలుతురు బాగా తగ్గించారు. వచ్చినవాళ్ళు చావింటికి వచ్చినట్టు గొంతు తగ్గించి మాట్లాడతారు. పిల్లలు కూడా అమ్మల చేతులు వదిలేవాళ్ళు కాదు.

నా ఉద్యోగం గ్యాలరీ అటెండెంట్. నల్ల కోటు వేసుకుని ఓ మూల నిలబడి, ఎవరూ ఏదీ ముట్టుకోకుండా చూడటం. జగిత్యాల పక్కన మా ఊళ్ళో మాత్రం నేను దుబాయ్‌లో బొమ్మలకు కావలి ఉంటానని చెప్పుకుంటారు. దోహా అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వాళ్ళకి అది దుబాయే. బొమ్మలకు కావలి అన్న మాట మాత్రం అబద్ధం కాదు కాబట్టి నేను గొడవ పెట్టుకోను.

ఆ ఎండాకాలం స్పెయిన్ నుంచి పాత వస్తువులు కొన్ని తెచ్చి ప్రదర్శనకు పెట్టారు. ఐబీరియన్లని, ఒకప్పుడు అక్కడ ఉన్న జనానివి. వాటితో పాటు ఒక నిపుణురాలు వచ్చింది. తెల్లజుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, ఎప్పుడూ కొంచెం బొంగురుగా ఉండే గొంతు. తలుపులు తెరవడానికి ముందు అటెండెంట్లందరినీ కూర్చోబెట్టి ఏది ఏమిటో చెప్పింది.

స్పెయిన్‌కు తూర్పున, దక్షిణాన సముద్రం ఒడ్డు వెంట, రెండున్నర వేల ఏళ్ళ నాటి మనుషులట. ఎక్కడి నుంచి వచ్చారో అని పండితులు చాలాకాలం కొట్టుకున్నారట. ఆఫ్రికా అన్నవాళ్ళున్నారు, ఇంకెక్కడో అన్నవాళ్ళున్నారు. ఎక్కడి నుంచీ రాలేదు, అక్కడి వాళ్ళే అని ఇప్పుడు ఎక్కువమంది మాట. ఓడల్లో వచ్చిన ఫినీషియన్ల దగ్గర, గ్రీకుల దగ్గర కుమ్మరి చక్రం, ఇనుప పని, రాత నేర్చుకుని, గుట్టల మీద గోడలు కట్టుకుని ఊళ్ళు చేసుకున్నారు. ఊరికి ఒక పెద్ద, పెద్ద వెనక అతని మనుషులు. సీసపు రేకుల మీద వాళ్ళు గీసిన అక్షరాలు ఇప్పటికీ పైకి చదవొచ్చట. చదివినా అర్థం మాత్రం లోకంలో ఎవరికీ తెలియదట.

చచ్చిపోయినవాళ్ళని కాల్చి బూడిదను కుండలో పెట్టేవాళ్ళు. పక్కన చచ్చినవాడి కత్తి, అదీ మడిచేసి. హాల్లో సరిగ్గా నా మూలకు ఎదురుగా ఉండేది అలాంటి కత్తి. నిప్పుల్లో ఎర్రగా కాల్చి రెండుగా వంచేశారు, మళ్ళీ ఎవరూ పట్టకుండా. చితి చుట్టూ తిరిగి కుండ పగలగొట్టే జనంలో పుట్టినదాన్ని, నాకు ఆ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. అందుకే దాన్ని రోజంతా చూస్తూ నిలబడటం నాకు గిట్టలేదు.

"వీళ్ళ మగవాళ్ళు గుంపులు గుంపులుగా సముద్రం దాటి పోయేవాళ్ళు," అందామె. "పరాయి రాజుల యుద్ధాల్లో జీతానికి."

నాకు నవ్వొచ్చింది. గల్ఫ్‌కి పోయినట్టేనన్నమాట అనుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ మగవాళ్ళు తమ పెద్ద మీద ఒట్టు పెట్టుకునేవాళ్ళట. యుద్ధంలో ఆ పెద్ద పడిపోతే ఆయన మనుషులు బతికి ఇంటికి రారు. శత్రువు చంపకపోతే తామే చచ్చిపోతారు. ఆమె ఈ మాటలు కూర ఎలా వండాలో చెప్పినంత తేలిగ్గా చెప్పి, తర్వాతి అద్దాల పెట్టె దగ్గరికి నడిచింది. నేను ఆ మడిచిన కత్తి దగ్గరే ఉండిపోయాను, ఎందుకో అప్పుడు తెలియలేదు.

మా తమ్ముడు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కూలీల క్యాంపులో ఉంటాడు. పెళ్ళి కాలేదు, పాతికేళ్ళు దాటాయి, నాకంటే మొండి. వాడున్న గదిలో అందరూ మా మండలం వాళ్ళే. వాళ్ళని ఒక్కొక్కరినే తెచ్చుకుని పని నేర్పినాయన మేస్త్రి. మా పక్క ఊరాయన, మా నాన్న వయసు, మా అందరికీ కాక. ఈ దేశంలో ఆయన కట్టని గోడ లేదంటారు మావాళ్ళు. కంపెనీ మారితే అందరూ ఆయన వెంటే మారారు. ఆయన వద్దంటే ఇంటికి ఫోన్ కూడా చేసేవాళ్ళు కాదు. నేను మా తమ్ముడితో ఒకసారి, "పెండ్లి గూడ మేస్త్రినే చేసుకో రాదూ" అన్నాను. వాడు నాతో వారం మాట్లాడలేదు.

ఆ మేస్త్రి జూన్‌లో సైటు మీద పడిపోయాడు. మధ్యాహ్నం ఎండలో బయట పని చేయించకూడదని ఇక్కడ రూలుంది, దాన్ని పాటించారు కూడా. పడిపోయింది సాయంత్రం, ఎండ తగ్గిందనుకున్న వేళ. ఒంట్లో నీళ్ళు లేక, వేడి తలకెక్కి పడిపోయాడు. హాస్పిటల్లో స్పృహ వచ్చింది గానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. రక్తం శుభ్రం చేసే మిషన్ మీద పెట్టారు. చూడటానికి వెళ్ళినప్పుడు కేరళ నర్సు నన్ను పక్కకు పిలిచి, ఆయన ఇక పని చేయలేడు, విమానం ఎక్కగలిగేంత కోలుకుంటే కంపెనీ ఇంటికి పంపేస్తుంది అని చెప్పింది.

తర్వాతి శుక్రవారం కోడికూర, అన్నం, ఓ పెద్ద డబ్బా నిండా చల్ల పట్టుకుని క్యాంపుకు వెళ్ళాను. మా ఆయన అబూ హమూర్‌లో స్కూలు బస్సు నడుపుతాడు, శుక్రవారం ఒక్కటే మాకు దొరికే రోజు. మన్సూరాలో మా గది నుంచి క్యాంపు దాకా కారులో ఏసీ ఉన్నా ఒళ్ళు చిటపటలాడింది. లోపల మేస్త్రి మంచం ఒక్కటే ఖాళీగా ఉంది, మిగతా మంచాల మీద మగవాళ్ళందరూ వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. మా తమ్ముడి పెదాలు పగిలి నెత్తురు చారలు కట్టాయి.

చల్ల పోసి గ్లాసు అందించాను. వాడు తీసుకోలేదు.

"ఒక్కపొద్దక్కా."

"శుక్రారం నాడు ఏం ఒక్కపొద్దురా?"

"రోజూ ఉంటున్నం. అందరం."

గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాడే మెల్లగా చెప్పాడు. పొద్దు కూకినంక ఒక పూట తింటారట. నీళ్ళు కూడా అప్పుడే. పగలు ఉమ్మి మింగటమే. మేస్త్రి క్యాంపుకు వచ్చి తన చేతితో నీళ్ళు పోస్తేనే విడుస్తామని పోచమ్మకు మొక్కారట.

"ఎండల పని చేసుకుంట నీళ్ళు తాగరా? మతి ఉండే మాట్లాడుతున్నవా?" నా గొంతు బయట మెట్లమీద నిలబడ్డ మా ఆయనకు కూడా వినిపించింది.

"నీకు తెల్వదక్కా." వాడు కళ్ళు మూసుకున్నాడు. "కాక ఎన్నడు ముందుగాల తాగడు. మేమందరం తాగినంకనే తాగుతడు. ఆ దినం డబ్బల నీళ్ళు అయిపోయినయి. ఆఖరి గ్లాసు నాకు పోసిండు. నేను తాగిన. ఆయన పడ్డడు."

గదిలో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు. వాడు తాగిన గ్లాసు వాడొక్కడిదే కాదు, వాళ్ళందరి మెడకూ చుట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కపొద్దులుంటే నీడపట్టున కూర్చుని ఉంటారు. వీళ్ళు కాంక్రీటు మోస్తూ ఉంటున్నారు.

"మీ ఫోర్‌మన్ ఏం అనడా?"

"రోజా ఉపాసం అనుకుంటున్నడు," అన్నాడు పక్క మంచం మీది మనిషి, కళ్ళు తెరవకుండానే. "మీ దాంట్ల గూడ ఉంటదా అని అడిగిండు. ఉంటదన్నం. మంచిది అన్నడు."

నిజమే. ఈ దేశంలో పగలు నీళ్ళు ముట్టని మనిషిని ఎవరూ వింతగా చూడరు. గౌరవంగా పక్కకు తప్పుకుంటారు. మావాళ్ళ చావుకు కూడా అలాగే పక్కకు తప్పుకుంటారేమో అనిపించింది.

"కాక ఇగ పనికి రాడురా. ఇంటికి పంపుతరంట," అన్నాను. 

"అస్తడు," అన్నాడు మా తమ్ముడు. అంతే. చల్ల డబ్బా మూత పెట్టి అక్కడే వదిలేసి వచ్చాను.

మర్నాడు హాల్లో నా చూపు ఆ మడిచిన కత్తి మీద నుంచి కదల్లేదు. జనం పలచబడ్డాక నిపుణురాలు వచ్చింది. ఆగలేక అడిగేశాను. ఆ ఒట్టు పెట్టుకున్నవాళ్ళని వదిలిపెట్టిన పెద్ద ఎవరైనా ఉన్నాడా, పొండి, బతకండి అని చెప్పినవాడు ఒక్కడైనా.

ఆమె కళ్ళద్దాలు తీసి భుజాల మీది పొడవాటి స్కార్ఫుకు తుడుచుకుంది.

"తెలియదు. వాళ్ళ గురించి రాసింది గ్రీకులు, రోమన్లు. అంటే వాళ్ళని జీతానికి పెట్టుకున్నవాళ్ళు, వాళ్ళతో యుద్ధం చేసినవాళ్ళు. వాళ్ళకి ఒట్టు కోసం చచ్చినవాళ్ళే వింతగా కనిపించారు. బతికినవాడి గురించి ఎవరు రాస్తారు? వీళ్ళు స్వయంగా రాసుకున్నదేమో మనకి అర్థం కాదు."

"తర్వాత ఏమైపోయారు?"

"రోమన్లు దేశం పట్టుకున్నారు. కొన్ని తరాలకు వీళ్ళ మాట పోయింది, పేర్లు మారిపోయాయి, అందరూ లాటిన్ మాట్లాడారు. ఆ నేలకు ఐబీరియా అన్న పేరు మిగిలింది." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "ఆ ఒట్టు మాత్రం వెంటనే పోలేదు. తమ పెద్దలు పోయాక రోమన్ సేనాపతుల మీద పెట్టుకున్నారు. అదే ఒట్టు."

ఆమెకు అదొక ముచ్చట. నేను సీసపు రేకులున్న పెట్టె దగ్గరికి నడిచాను. ఆ సీసపు రేకుల్లో ఏదో ఒకదాని మీద ఒక అక్క తన తమ్ముడిని వదిలిపెట్టమని ఎవరినో బతిమాలుకుని ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది. రాసే ఉంటుంది. చదివి కూడా ఏం లాభం లేదు.

ఆ వారం మధ్యలో మా తమ్ముడు ఫోన్‌లో మాటల సందున, కాళ్ళు పట్టేస్తున్నాయి, ఉచ్చ చాయ్ రంగులో వస్తోంది అన్నాడు. ఎండ కదా, తగ్గిపోతుంది అని వాడే తేల్చేశాడు. నేను డ్యూటీ మార్పించుకుని నేరుగా హాస్పిటల్‌కు పోయాను.

మేస్త్రి సగం మనిషైపోయాడు. నన్ను చూసి లేవబోయాడు.

"పొల్లగాండ్లు మంచిగున్నరా బిడ్డా?"

"మంచిగ లేరు కాకా." దాపరికం లేకుండా మొత్తం చెప్పాను. ఒక్కపొద్దు, నీళ్ళు, పోచమ్మ మొక్కు. అయ్యో అంటాడని, వెంటనే ఫోన్ అడుగుతాడని చూస్తూ ఉన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది.

"నా కోసమా? అందరా?"

"అందరు."

"గదే అనుకున్న," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నేను లేస్తనని డాక్టర్లు గూడ అనుకోలే. లేసిన. గీ పొల్లగాండ్ల పున్నెమే."

"అయితే ఇడువుమని చెప్పు. నేను ఫోన్ చేసిస్త."

నా ఫోన్ వంక చూసి చేయి దుప్పటి లోపలికి తీసుకున్నాడు. "ఉండనియ్యి బిడ్డా. ఇంకో నాలుగొద్దులు. నడుమ ఇడిచిపెడితే నాకు కీడైతది."

ఆయన చెడ్డవాడు కాదు. నా తమ్ముడికి ఆఖరి గ్లాసు పోసిన మనిషి. భయపడిపోయి ఉన్నాడు. బావిలో పడ్డవాడు చేతికందిన తాడు పట్టుకున్నట్టు వాళ్ళ ఆకలిని పట్టుకున్నాడు. వదలమంటే ఎలా వదులుతాడు. అయినా సరే ఆ నిమిషం ఆయన్ని చూస్తే నాకు అసహ్యమేసింది.

"నీకు కీడైతదని వాళ్ళు సావాల్నా?" అన్నాను. పక్క మంచాల వాళ్ళు తల తిప్పారు. ఆయన గోడ వైపు తిరిగాడు. లేచి పోదామనుకున్నాను. పోతూ పోతూ అక్కసుకొద్దీ అన్నాను, "మా తమ్మునికి ఉచ్చ చాయ్ లెక్క అస్తుంది. వాడు నీ పక్క మంచంల పడ్డంక చూస్కో."

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు.

"పాలు పోసిన చాయా, పోయనిదా?"

"పోయనిది."

"కాళ్ళు పట్టేస్తున్నయా?"

"ఆ."

ఆయన మంచం పక్కనున్న మిషన్ వంక చూస్తూ ఉండిపోయాడు. "నాకు గూడ గట్లనే షురూ అయింది," అన్నాడు చివరికి. "ఎండకు అనుకున్న. ఎవ్వలకు చెప్పలే." ఆ తర్వాత గుక్కపట్టి ఏడ్చాడు, పెద్దమనిషి. నేను నీళ్ళు ఇవ్వబోతే నర్సు వద్దంది. ఆయనకిప్పుడు నీళ్ళు కొలిచి పోస్తున్నారట.

ఫోన్ మళ్ళీ చేతికిచ్చాను. ఈసారి తీసుకున్నాడు. అటువైపు వాళ్ళు మూగిన చప్పుడు వినిపించింది. విడవండిరా అని చెప్పాడు, తిట్టాడు, బతిమాలాడు. చేతితో పోస్తేనే అని మొక్కినం కాకా, ఫోన్‌ల పోస్తవా అని ఎవరో అన్నారు. ఆయన ఫోన్ నా ఒళ్ళో పెట్టి, "నన్నే తీస్కపో," అన్నాడు.

కంపెనీ శుక్రవారం సాయంత్రానికి టికెట్ తీసింది. ఆ లోపల డాక్టర్లు కదలనివ్వలేదు. మధ్యలో ఉన్న పనిరోజుల్లో నేను ఎన్నిసార్లు మా తమ్ముడికి ఫోన్ చేశానో చెప్పలేను. ఒకసారి ఎత్తకపోతే చాలు, హాల్లోంచి బయటికొచ్చి మళ్ళీ మళ్ళీ చేసేదాన్ని.

శుక్రవారం మేస్త్రిని దింపే పని మేమే తీసుకున్నాం; విమానాశ్రయానికి పోయే దారి కాకపోయినా కారు క్యాంపు వైపు తిప్పాం. మధ్యాహ్నం మూడు దాటింది. మా ఆయన భుజం ఆసరాతో మేస్త్రి గది గుమ్మం దాకా నడిచాడు. మంచాల మీది వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. కొందరు గోడ పట్టుకుని లేచారు.

ఆయన చెంబు అడిగాడు. ఒక్కొక్కరూ వచ్చి దోసిలి పట్టారు. ఆయన చెంబు సరిగ్గా పట్టలేక సగం నీళ్ళు నేల పాలయ్యాయి. ఆయన పెదాలు కూడా ఎండిపోయి ఉన్నాయి, ఒక్కసారి కూడా చెంబు నోటి దాకా పోలేదు. మా తమ్ముడు ముందుకొచ్చి దోసిలి పట్టి తల పైకెత్తలేకపోయాడు. ఆయనే వాడి గడ్డం పట్టి ఎత్తి తాగించాడు. మొదటి గుక్క వాంతి అయింది. రెండోది లోపలికి పోయింది. నేను గుమ్మంలో కూలబడి బావురుమన్నాను. బతికాడు, నా తమ్ముడు బతికాడు, ఇంకేం వద్దు అనుకున్నాను.

"ఇగ ఖలాస్," అన్నాడు మేస్త్రి. "నా మీద ఒట్టు లేదు, మొక్కు లేదు. నేను మళ్ళ రాను. మీ బతుకు మీరు సూస్కోండ్రి."

ఆ మాటకు వాళ్ళు సంతోషిస్తారనుకున్నాను. ఒక్కసారిగా తల్లిలేని పిల్లల్లా అయిపోయారు. మేస్త్రిని కారు దాకా దిగబెట్టి వచ్చి గది మధ్యలో నిలబడ్డారు. పొద్దున సైటు మీద ఎవరు ముందు నడవాలో, ఫోర్‌మన్‌తో ఎవరు మాట్లాడాలో, ఎవరు ఆగమంటే ఆగాలో వాళ్ళకు తెలియలేదు. వాళ్ళలో వాళ్ళు చూసుకున్నారు. తర్వాత అందరి చూపూ ఒక్కచోటికి పోయింది.

"పడ్డ దినం కాక ఆఖరి నీళ్ళు నీకే పోసిండు," అన్నాడు వయసులో అందరికంటే పెద్దవాడు. "ఇగ నువ్వే."

అని మా తమ్ముడి చేయి పట్టుకుని, దాని మీద తన చేయి వేశాడు. ఆ మీద ఇంకొకరు. గదిలో ఉన్న అందరూ. ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. మా తమ్ముడు చేయి వెనక్కి లాక్కుంటాడని నేను చూశాను.

లాక్కోలేదు.

రెక్క పట్టుకుని వాడిని వరండాలోకి ఈడ్చుకొచ్చాను. "కారెక్కు. కాకను దింపి నిన్ను డాక్టర్ దగ్గరికి తీస్కపోత. ఎక్కేముందు లోపలికి పోయి చెప్పు, నా మీద ఎవ్వలు ఒట్టు పెట్టొద్దని చెప్పు. ఇప్పుడే చెప్పు తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత."

వాడి పెదాల మీద నీళ్ళు ఇంకా ఆరలేదు. నా వంక చూసిన చూపులో అలసట ఉంది, దాని కింద నేనెప్పుడూ చూడని గర్వం ఉంది.

"గట్ల చెప్తే నా ఎంబడి ఎవడస్తడక్కా?" అన్నాడు. "డాక్టర్ దగ్గరికి ఎల్లుండి పోత. రేపు డ్యూటీకి అందరిని నేనే తీస్కపోవాలె."

కిందనుంచి మా ఆయన హారన్ కొట్టాడు, విమానానికి ఆలస్యమవుతోందని. వాడు నా చేయి మెల్లగా విడిపించుకుని లోపలికి పోయాడు. తెరిచి ఉన్న తలుపులోంచి చూశాను. మేస్త్రి మంచం మీద ఎవరో అప్పటికే మా తమ్ముడి దుప్పటి పరిచారు.